మీకు తెలుసా? చలికాలం, బైకు హ్యాండిలు, పది వేళ్లు!

● డిసెంబరు తెల్లవారుజామున గ్లౌజుల్లేకుండా హాయిగా బైకు నడిపే తెలుగువాళ్లు దాదాపు 50 వేలమంది ఉన్న చోటు ఎక్కడుందో చెప్పుకోండి చూద్దాం! అండమాన్ నికోబార్ దీవులు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ వందకు 13 మంది మాతృభాష తెలుగే. నడి చలికాలంలో కూడా అక్కడి తెల్లవారుజాము సగటున 22, 23 డిగ్రీల దగ్గరే ఉంటుంది.

● పోర్ట్ బ్లెయిర్‌లో బాగా వేడిగా ఉండే నెలకూ, బాగా చల్లగా ఉండే నెలకూ సగటున తేడా ఎంత? పది డిగ్రీలా? పదిహేనా? రెండు మూడు డిగ్రీలే! ఈ ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మారింది గానీ అక్కడి వేడి మాత్రం ఏ నెలలోనూ పెద్దగా మారదు.

● అదే మన ఆదిలాబాద్‌లోనైతే చలికాలపు తెల్లవారుజామున 5 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు చూసిన సంవత్సరాలున్నాయి. ఒకే ఊరు, ఒకే బైకు, అవే చేతులు, నడుమ 40 డిగ్రీల తేడా!

● అండమాన్‌ని వెచ్చగా ఉంచేది చుట్టూ ఉన్న సముద్రమే. ఒక్క లీటరు నీళ్లు ఒక్క డిగ్రీ చల్లబడితే బయటికొచ్చే వేడితో 3 వేల లీటర్లకు పైగా గాలిని ఒక డిగ్రీ వేడెక్కించవచ్చు. ఇక అక్కడున్న నీళ్లెన్ని లీటర్లో మీరే లెక్కపెట్టుకోండి!

● చలి కోసం అండమాన్‌లో అన్నిటికంటే ఎత్తయిన చోటుకి వెళదామా? ఉత్తర అండమాన్‌లో దిగ్లీపూర్ దగ్గరున్న శాడిల్ పీక్ ఎత్తు 732 మీటర్లు. కిలోమీటరు ఎత్తుకి సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది కాబట్టి అక్కడ మహా అయితే ఐదు డిగ్రీలు తగ్గుతుంది. పైగా ఆ కొండ పైదాకా బైకు పోదు, నడిచే ఎక్కాలి. నడిస్తే చెమట పడుతుంది!

● అండమాన్ తెలుగువాడికి సరదాగా వేళ్లు కొంకర్లు పోవాలని ఉంటే ముందు ఓడెక్కాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖపట్నం సుమారు 1,200 కిలోమీటర్లు, ఓడలో రెండు రోజుల పైమాటే. అక్కడినుంచి నర్సీపట్నం మీదుగా మన్యంలోకి ఎక్కితే లంబసింగి. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఆ చిన్న ఊళ్లో కొన్ని చలికాలాల్లో పాదరసం సున్నాని ముట్టుకుంటుంది.

● హైదరాబాద్ వాళ్లు కూడా తక్కువ తినలేదు. 1946 జనవరిలో ఆ నగరంలో 6.1 డిగ్రీలు నమోదైంది. అప్పుడు బైకులు బహు తక్కువ కాబట్టి గజగజలాడిన చేతులు ఎక్కువగా సైకిలు హ్యాండిళ్ల మీదివే అయి ఉండాలి!

● లంబసింగిలో 3 డిగ్రీలున్న పొద్దున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో బైకు నడిపితే ఒంటికి తగిలే చలి ఎంతో తెలుసా? దాదాపు మైనస్ 5! చర్మాన్ని అంటిపెట్టుకుని ఒక పల్చని వెచ్చని గాలిపొర ఉంటుంది. ఎదురుగాలి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంటుంది.

● ఇంతకంటే వింత ఆ లెక్క లోపలే ఉంది. అదే 3 డిగ్రీల్లో గాలి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తగిలితే చలి మైనస్ 1.5కి పడిపోతుంది, అంటే నాలుగున్నర డిగ్రీలు పోయినట్టే. ఆ తర్వాత 20 నుంచి 80 దాకా వేగం నాలుగింతలు చేసినా ఇంకో నాలుగు డిగ్రీలే తగ్గుతుంది. చలిలో దోచుకునేదాంట్లో సగానికి పైగా మొదటి గేర్లే దోచుకుంటాయన్నమాట! కాబట్టి 'నెమ్మదిగా పోతే చలి వేయదు' అనే పెద్దల మాట సగమే నిజం. నెమ్మదిగా పోవడానికి వేరే మంచి కారణాలు చాలా ఉన్నాయి లెండి.

● ఈ చలిగాలి లెక్క పుట్టింది అంటార్కిటికాలో! పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే అమెరికన్లు 1940 ప్రాంతంలో ఒక ప్లాస్టిక్ డబ్బాలో 250 గ్రాముల నీళ్లు పోసి, గాలిలో వేలాడదీసి, గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. వీళ్లలో సైపుల్ అంటార్కిటికాకి మొదటిసారి బయల్దేరింది 1928లో, బాయ్ స్కౌటుగా!

● ఆ పాత లెక్కని 2001లో సరిదిద్దింది పన్నెండు ముఖాలు. కెనడాలో పన్నెండుమంది వాలంటీర్లు చల్లగాలి హోరెత్తే సొరంగంలో ట్రెడ్‌మిల్ మీద నడిస్తే, వాళ్ల ముఖాలు ఎంత వేగంగా చల్లబడుతున్నాయో కొలిచారు. ఇవాళ అమెరికా, కెనడా వాతావరణ వార్తల్లో వినిపించే చలిగాలి అంకె వాళ్ల చెంపల చలవే.

● ఇప్పుడో చిక్కు ప్రశ్న! 3 డిగ్రీల చలిలో బైకుకి ఒక నీళ్ల సీసా కట్టి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తీసుకెళితే నీళ్లు గడ్డకడతాయా? కట్టవు! గాలి వేగం వస్తువుని తొందరగా చల్లబరుస్తుంది గానీ, గాలికున్న 3 డిగ్రీల కంటే కిందికి దించలేదు. మైనస్ 5 అనేది మన చర్మం మొరపెట్టుకునే మాట, థర్మామీటరు చెప్పే మాట కాదు.

● అండమాన్‌కి ఈ లెక్క అసలు పనికిరాదు. గాలి 10 డిగ్రీల కంటే వెచ్చగా ఉంటే ఆ సూత్రాన్ని వాడకూడదని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పారు మరి!

● మీ వేళ్లలో కండరాలెన్ని? దాదాపు సున్నా! వేళ్లని ఆడించే కండరాలు ముంజేతిలోనూ అరచేతిలోనూ ఉంటాయి, వేళ్లలోకి వచ్చేవి వాటి తాళ్లే. ఒంట్లో వేడి ఎక్కువగా పుట్టేది కండల్లో, లోపలి అవయవాల్లో కాబట్టి వేళ్లు తమకు సరిపడా వేడిని తాము తయారుచేసుకోలేవు. నెత్తురు తెచ్చిపెట్టేదే తినాలి.

● ఒంట్లో 206 ఎముకలుంటే రెండు చేతుల్లోనే 54! నాలుగోవంతుకు మించిన ఎముకలు బైకు హ్యాండిలు పట్టుకుని గాలికి ఎదురుగా కూర్చుంటాయి. వాటి చుట్టూ కప్పుకోవడానికి కొవ్వు కూడా పెద్దగా ఉండదు, పాపం.

● చలి తగలగానే శరీరం మొదట గండికొట్టేది వేళ్లకే. గుండె, మెదడు, కాలేయం చల్లబడకూడదని వేళ్లకు పోయే సన్నని నాళాలను బిగించేస్తుంది. మీ ప్రాణం కాపాడడానికే మీ వేళ్లని చలికి వదిలేస్తోందన్నమాట!

● అయితే వాటిని పూర్తిగా గాలికొదిలేయదు. చేతిని మంచునీళ్లలో ముంచి ఉంచితే కొన్ని నిమిషాలకు బిగిసిన నాళాలు వాటంతటవే తెరుచుకుని కాస్త వెచ్చని నెత్తురు వదులుతాయి, మళ్లీ మూసుకుంటాయి, మళ్లీ తెరుచుకుంటాయి. 1930లో బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ ఈ దాగుడుమూతలను రాసిపెట్టాడు. చన్నీళ్లలో చేతులు పెట్టి బతికే జాలర్లలో ఇది మరింత చురుగ్గా ఉంటుందని తర్వాత తేలింది.

● అసలైన ఆశ్చర్యం ఇదిగో! చేతులు వెచ్చగా ఉండాలంటే ఛాతీని వెచ్చబెట్టండి! కెనడా పరిశోధకులు 1990లలో కొందరిని మైనస్ 15 డిగ్రీల గదిలో మూడు గంటలపాటు ఉంచి, చేతులకు ఏమీ తొడక్కుండా ఛాతీకి మాత్రం వేడి అందించారు. వట్టి చేతుల వేళ్లు హాయిగా, వెచ్చగా ఉన్నాయి! మధ్యలో వేడి దండిగా ఉందని తెలియగానే శరీరం వేళ్లకు నెత్తురు ధారాళంగా వదిలింది. మందమైన గ్లౌజులు కొని, పల్చని చొక్కా మీద బైకెక్కే కుర్రకారు ఈ ముక్క రెండుసార్లు చదవాలి. స్వెట్టరు వేసుకోమని అమ్మమ్మ పోరు పెట్టిందంటే ఆమె పక్షాన ఒక ప్రయోగశాలే నిలబడి ఉంది.

● చేతిలోకి పోయే వెచ్చని నెత్తురు, తిరిగొచ్చే చల్లని నెత్తురు పక్కపక్క నాళాల్లోనే ఎదురెదురుగా ప్రవహిస్తాయి. పోయేది తన వేడిని వచ్చేదానికి దారిలోనే ఇచ్చేస్తుంది. చల్లని నీళ్లలో నిలబడే కొంగ కాళ్లలోనూ ఇదే ఏర్పాటు!

● కొందరికి చలి తగిలితే వేళ్లు సున్నంలా తెల్లబడి, తర్వాత నీలంగా, ఆ తర్వాత ఎర్రగా మారతాయి! ఫ్రాన్స్‌కు చెందిన మోరిస్ రేనో 1862లో తన వైద్య సిద్ధాంత వ్యాసంలో దీన్ని వివరించాడు కాబట్టి ఆ జబ్బుకి ఆయన పేరే పెట్టారు. ఇలాంటివాళ్లు చలిలో బైకెక్కే ముందు డాక్టర్ని అడగడం మంచిది.

● అదురు కూడా వేళ్లను తెల్లబరుస్తుంది. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో సున్నపురాతి గనుల కూలీల వేళ్లు చూసి, గాలితో నడిచే సుత్తుల అదురుకి చలి తోడైతే ఏమవుతుందో రాసింది.

● హ్యాండిలుకున్న రబ్బరు గ్రిప్పూ, దాని పక్కనే ఉన్న అల్యూమినియం బ్రేకు లివరూ ఒకే గాలిలో రాత్రంతా ఉన్నాయి. ఏది చల్లగా ఉంది? రెండూ ఒకటే! కాకపోతే అల్యూమినియం రబ్బరు కంటే వందల రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, అందుకే లివరు మీద వేలు పెడితే చురుక్కుమంటుంది.

● చేతి చర్మం సుమారు 15 డిగ్రీలకు చల్లబడేసరికి వేళ్లు మాట వినడం మానేయడం మొదలుపెడతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బైకు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. కొంకర్లు పోయిన వేలు బ్రేకు నొక్కడానికి ఆ ఒక్క సెకను ఆలస్యం చేస్తే? అందుకే ఇదంతా సుఖం గురించిన గొడవ మాత్రమే కాదు.

● గ్లౌజుల్లో చలి ఆపేది తోలూ కాదు, ఉన్నీ కాదు. గాలి! దారాల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలే అసలైన కంబళి. అందుకే బిగుతు గ్లౌజులు తొడిగితే చలి ఎక్కువ వేస్తుంది. గాలికి చోటుండదు, నెత్తురుకి దారుండదు.

● ఐదు వేళ్లకు ఐదు గదులున్న గ్లౌజు కంటే వేళ్లన్నీ ఒకే గదిలో ఉండే సంచీ గ్లౌజు వెచ్చన. కాకపోతే దాంతో క్లచ్చు పట్టుకోవడం కష్టం, అందుకని రెండేసి వేళ్లకు ఒక గది చొప్పున ఎండ్రకాయ డెక్కల్లా ఉండే గ్లౌజులు కూడా కుట్టారు!

● గ్లౌజు తడిసిందా, కథ మారిపోయినట్టే! కదలని గాలి కంటే నీరు 20 రెట్లకు పైగా వేగంగా వేడిని మోసుకుపోతుంది. లంబసింగి పొగమంచులో గంటసేపు తిరిగి గ్లౌజు తడిసిందంటే, దాన్ని తీసి జేబులో పెట్టుకుని ఎక్కడైనా టీ గ్లాసు పట్టుకోవడం నయం.

● పాత రోజుల బైకు మనుషుల చవక చిట్కా ఏమిటో తెలుసా? నిన్నటి దినపత్రిక! చొక్కాకీ కోటుకీ మధ్య నాలుగు పేజీలు దోపుకుంటే గాలి లోపలికి దూరదు. ఛాతీ వెచ్చబడితే వేళ్లూ వెచ్చబడతాయని పైన చదివారుగా?

● అండమాన్‌లో చేతులు చల్లబడే రోజులు లేవనుకుంటున్నారా? ఉన్నాయి, అయితే జనవరిలో కాదు, జులైలో! అక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన అనంతపురం ఐదేళ్లలో చూసే వాన అక్కడ ఒక్క ఏడాదిలో కురుస్తుందన్నమాట!

● తడి చేతుల మీదుగా గాలి వీస్తే 26 డిగ్రీల ఉక్కలోనూ జివ్వుమంటుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరయ్యేటప్పుడు చర్మం నుంచి దాదాపు 580 క్యాలరీల వేడిని లాక్కుపోతుంది మరి! కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. కాబట్టి వానలో తడిసి బైకు నడిపే అండమాన్ కుర్రాడి చేతులు కాసేపు కూజాలే.

● ఇప్పుడు నా దగ్గరున్న వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది! జపాన్‌లో చలికాలంలో జేబుల్లో పెట్టుకునే చిన్న వెచ్చని పొట్లాలు అమ్ముతారు. గాలి తగలగానే అవి గంటలకొద్దీ వేడినిస్తాయి. లోపల నిప్పు ఉండదు, కరెంటు ఉండదు. ఉండేది ఇనప రజను, ఉప్పు, నీరు, బొగ్గుపొడి. ఇనుము తుప్పు పట్టేటప్పుడు పుట్టే వేడే చేతులకు అందుతుంది! తుప్పు పట్టడాన్ని తొందరపెట్టేది ఉప్పు. ఇక అండమాన్ బైకులకు ప్రథమ శత్రువు ఎవరు? ఉప్పుగాలి తెచ్చే తుప్పే! చెయినూ, చువ్వలూ, సైలెన్సరూ సముద్రపు గాలికి ఎర్రబడిపోతుంటాయి. టోక్యోలో చేతులకు వెచ్చదనం ఇచ్చే రసాయన చర్యే పోర్ట్ బ్లెయిర్‌లో బైకుని కొరుక్కుతింటోంది. బైకు నుంచి వేడి మాత్రం ఎందుకు తెలియడం లేదంటారా? పొట్లంలో గంటల్లో జరిగేది బైకు మీద ఏళ్లకేళ్లు సాగుతుంది కాబట్టి!

● ఈ పొట్లాలకు తాత ఒకాయన ఉన్నాడు. 1923లో జపాన్‌లో మొదలైన హక్కిన్ కైరో అనే లోహపు డబ్బీలో తేలికపాటి పెట్రోలియం ఇంధనపు ఆవిరి ప్లాటినం సాయంతో మంట లేకుండానే మెల్లగా వేడినిస్తుంది. వందేళ్లు దాటినా ఇంకా అమ్ముడుపోతూనే ఉంది!

● ఇంకో మాయ చూడండి. సోడియం ఎసిటేట్ ద్రావణం నింపిన సంచిలో చిన్న లోహపు బిళ్లని టక్కుమని వంచితే చాలు, ద్రవం కళ్లముందే గడ్డకడుతూ 54 డిగ్రీల దాకా వేడెక్కుతుంది! గడ్డకట్టడమంటే చల్లబడడమనే కదా మనమంతా అనుకునేది? వేడినీళ్లలో ఉడికిస్తే గడ్డ కరిగి, సంచి మళ్లీ కొత్తదవుతుంది.

● కశ్మీరీలు వెదురుబుట్టలో మట్టిపాత్ర పెట్టి, నిప్పులు వేసి, పొడవాటి ఫేరన్ కింద దాచుకుని తిరుగుతారు. దాని పేరు కాంగ్డీ. దయచేసి దాన్ని బైకు మీద ప్రయత్నించకండి!

● ఒక చుక్క వేసుకుంటే చేతులు వెచ్చబడతాయి, నిజమే. మద్యం చర్మంలోని నాళాలను తెరుస్తుంది కాబట్టి లోపలి వేడంతా బయటికి పోయి, చివరికి ఒళ్లు మొత్తం చల్లబడుతుంది. సిగరెట్టుది దీనికి తిరగేసిన కథ, అది నాళాలను బిగించి వేళ్లను నేరుగా చల్లబరుస్తుంది. పోలీసులు ఆపేదాకా వెళ్లక్కర్లేదు, వేళ్లే వద్దంటున్నాయి.

● బైకు హ్యాండిలు గ్రిప్పుల్లోనే వేడి పుట్టించే తీగలు పెట్టడం ఇవాళ్టి సంగతి కాదు. జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ 1980ల నాటికే అలాంటివి అమ్మింది! అవి తాగే కరెంటు మన మామూలు బైకు హెడ్‌లైటు బల్బు తాగేంత, అంటే 35 వాట్లు అటూఇటూ.

● చెన్నై దగ్గరే తయారయ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ బైకులు దక్షిణ ధ్రువం దాకా వెళ్లాయి! 2021 డిసెంబరు 16న రెండు హిమాలయన్ బైకులు మంచుమీదుగా అక్కడికి చేరాయి. వాటికి చేసిన మార్పులు తక్కువే. అందులో ఒకటి, రైడర్ల వెచ్చని దుస్తులకు సరిపడా కరెంటు పుట్టించే బలమైన ఆల్టర్నేటరు. అంటార్కిటికాకి పోతూ ఇంజన్నే కాదు, చేతులనూ గుర్తుపెట్టుకున్నారన్నమాట!

● ఒకే దేశం, ఎంత దూరం! నికోబార్ దీవుల దక్షిణపు కొసన ఉన్న ఇందిరా పాయింట్ భూమధ్యరేఖకు ఏడు డిగ్రీల అక్షాంశం దూరమైనా లేదు. లద్దాఖ్‌లో ఉమ్‌లింగ్ లా మీదుగా సరిహద్దు రహదారుల సంస్థ 19,024 అడుగుల ఎత్తున రోడ్డు వేసింది, చలికాలంలో అక్కడ మైనస్ 40. రెండుచోట్లా ట్రాఫిక్ రూల్స్ మాత్రం ఒకటే!

● దేశంలో నిర్ధారణగా నిప్పులు కక్కే అగ్నిపర్వతం ఒక్కటే, అది పోర్ట్ బ్లెయిర్‌కి దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో, బారెన్ దీవిలో. చలిమంట అక్కర్లేని చోటే దేవుడు అంత పెద్ద కుంపటి పెట్టాడు, చూశారా!

● చేతులు వెచ్చగా ఉండడమే కాదు, అండమాన్‌లో పెట్రోలూ చవకే. 2024లో లీటరు సుమారు 82 రూపాయలు, అప్పుడు హైదరాబాద్‌లో 107! పన్ను తక్కువ కావడమే కారణం.

● చైనా నగరాల్లో చలికాలం వస్తే స్కూటర్లు బొంతలు కప్పుకుంటాయి! ముందు భాగానికి కట్టే ఆ దూది బొంతకే చేతులు దూర్చుకునే జేబులుంటాయి, మోకాళ్లు కూడా అందులోనే దాక్కుంటాయి. లంబసింగి దారిలో మన బొంతలు కుట్టేవాళ్లకి ఇదొక మంచి బేరం కాదూ?

● చలి వేస్తోందని బైకు బయటికి తీయని వాళ్లు కొందరైతే, చలి కోసమే బైకు తీసేవాళ్లు ఇంకొందరు! జర్మనీలో 1956 నుంచీ నడి చలికాలంలో ఏనుగుల సమావేశం పేరుతో బైకుల జాతర జరుగుతోంది. ఆ పేరు వచ్చింది పచ్చ ఏనుగు అని ముద్దుగా పిలుచుకునే ట్సుండాప్ బైకు వల్ల. దూరదూరాల నుంచి బైకుల మీదే వచ్చి, బవేరియా అడవిలో మంచుమీద గుడారాలు వేసుకుని పడుకుంటారు. ఇంట్లో రగ్గు కింద ఉండి ఇది చదువుతున్నవాళ్లు ఏమంటారో!